అప్పీలు ఎప్పుడు వట్టిపోతుంది?

“స్వాధీనం కూడా అయిపోయింది కదండీ, ఇంకా అప్పీలేమిటి?” కోర్టు వరండాల్లో గెలిచినవాళ్లు తరచుగా అనే మాట ఇది. ఓడినవాళ్లలో చాలామంది దీన్ని నమ్మేస్తారు. అమీనా వచ్చి తాళం తీయించి ఇల్లు అప్పగించాక, లేదా అవతలివాళ్లు పొలంలో దిగి దుక్కి దున్నేశాక, జిల్లా కోర్టులో నంబరు పడి ఉన్న అప్పీలు చిత్తుకాగితంలా కనిపించడం సహజమే. అయితే ఇలాంటి కేసుల్లో చాలావరకు ఆ అప్పీలుకు ఏమీ కాదు. ఇంకొన్ని కేసుల్లో వాయిదాలు మామూలుగానే పడుతుంటాయి, గుమాస్తా వాయిదా తేదీలు రాసి ఇస్తూనే ఉంటాడు, కానీ అప్పీలు మాత్రం లోపల ఎప్పుడో చచ్చి ఉంటుంది. బతికున్నదాన్ని చచ్చిందనుకుని వదిలేయడం, చచ్చినదాన్ని పట్టుకుని ఏళ్లు గడపడం, రెండూ నష్టమే.

కోర్టు భాషలో ఇలా పనికిరాకుండా పోయిన అప్పీలును ఇన్‌ఫ్రక్చువస్ అంటారు. ఎప్పుడు అంటారు, ఎందుకు అంటారు, అనకూడని చోట కూడా ఎందుకు అంటుంటారు అన్నవి ఓపిగ్గా చూడాల్సిన సంగతులు.

వినాల్సిన కోర్టు వినకుండానే ఎందుకు ముగిస్తుంది?

సివిల్ కోర్టు పని హక్కు తేల్చి, దానికి తగినది చేతికివ్వడం. ఇరవై ఏళ్ల కిందటి వాదనలో ఎవరిది ఒప్పో చెప్పి మార్కులు వేయడం దాని పని కాదు. అందుకే అప్పీలు కోర్టు తనను తాను వేసుకునే ప్రశ్న సూటిగా ఉంటుంది: ఈ అప్పీలును అనుమతిస్తే, అప్పీలు వేసినవాడికి ఇంకా ఏదైనా ఇవ్వగలమా? ఆస్తి కావచ్చు, డబ్బు కావచ్చు, మెడ మీద ఉన్న ఒక బాధ్యత తొలగిపోవడం కావచ్చు. ఏ కొంచెం ఇవ్వగలిగినా అప్పీలు బతికున్నట్టే. ఇవ్వగలిగింది ఏమీ లేదని తేలితేనే అది వట్టిపోయినట్టు.

దీని వెనుక ఇంకో సూత్రం ఉంది. అప్పీలంటే దావాకు కొనసాగింపే. కాబట్టి కింది కోర్టు తీర్పు తర్వాత జరిగినవాటిని కూడా పై కోర్టు చూడవచ్చు. 1940లోనే ఫెడరల్ కోర్టు, తీర్పు వచ్చాక మారిన చట్టాన్ని అప్పీలులో లెక్కలోకి తీసుకోవచ్చని చెప్పింది. 1975లో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్థిరపరిచింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే. సొంత వ్యాపారం పెట్టుకోవాలి, నా కట్టడం ఖాళీ చేయించండి అని ఒక యజమాని మోటార్ అండ్ జనరల్ ట్రేడర్స్ అనే అద్దెదారు మీద 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద కేసు నడిపాడు. వ్యవహారం హైకోర్టులో ఉండగా అదే ఊళ్లో అతనికి వేరే కట్టడం చేతికొచ్చింది. హైకోర్టు ఆ సంగతిని లెక్కలోకి తీసుకుంది. అలా తీసుకోవడం సబబేనని జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. దావా వేసిన రోజున ఉన్న హక్కే తీర్పుకు ఆధారం, కానీ కోరిన ఉపశమనానికి మూలం మీదే దెబ్బ కొట్టే ఘటన తర్వాత జరిగితే కోర్టు కళ్లు మూసుకోనక్కర్లేదు అన్నది అందులోని సారం.

ఈ తీర్పును ఎక్కడపడితే అక్కడ వాడటం మొదలైంది. దానికి కళ్లెం వేసిన తీర్పుల్లో 2001 నాటిదొకటి ముఖ్యం. డాక్టరైన కొడుకు క్లినిక్ పెట్టుకోవడానికి చోటు కావాలని యజమాని కేసు వేశాడు. కేసు రెండు దశాబ్దాలు దాటి సాగింది. ఈలోగా కొడుకు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాడు. ఇంకేం, అవసరం తీరిపోయిందని అద్దెదారు వాదించాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అవసరాన్ని కేసు వేసిన రోజు నాటికి చూడాలి, తర్వాతి ఘటన ఆ అవసరాన్ని పూర్తిగా తుడిచిపెట్టేంతటిదైతే తప్ప లెక్కలోకి రాదు అంది. నాకు ఇదే న్యాయమనిపిస్తుంది. కేసు తేలేదాకా కుర్రవాడు చేతులు కట్టుకుని కూర్చోడు కదా. ఆలస్యం చేసినవాడికే ఆలస్యం ఆయుధం కాకూడదు.

డిక్రీ అమలైపోతే అప్పీలు పోయినట్టేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 5 ప్రకారం అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు. ఆగాలంటే స్టే కోసం విడిగా పిటిషన్ వేయాలి. ఆలస్యం చేయకుండా వచ్చానని, స్టే ఇవ్వకపోతే గణనీయమైన నష్టం జరుగుతుందని చూపాలి, పూచీ ఇవ్వాలి. డబ్బు డిక్రీ అయితే సొమ్ము డిపాజిట్ చేయమంటారు. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న డిక్రీ అయితే, స్టే ఉన్నన్నాళ్లూ పాత అద్దె కాకుండా మార్కెట్ అద్దె కట్టమనే షరతు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2004 చివర్లో స్పష్టం చేసింది. స్టే లేకపోతే గెలిచినవాడు ఈపీ (అమలు పిటిషన్) వేసి అమలు చేయించుకుంటాడు. అది అతని హక్కు, తప్పు పట్టడానికి లేదు.

అయితే ఆ అమలు అప్పీలు ఫలితానికి లోబడే ఉంటుంది. కోడ్ సెక్షన్ 144 ఇందుకోసమే పెట్టారు. డిక్రీ పై కోర్టులో తలకిందులైతే, దాని వల్ల చేతులు మారినదంతా వెనక్కివ్వాలి. ఇల్లు ఇచ్చి ఉంటే ఇల్లు, డబ్బు కట్టి ఉంటే డబ్బు, దాని మీద వడ్డీ, మధ్యకాలంలో ఆస్తి మీద వచ్చిన ఆదాయం, ఖర్చులు, నష్టపరిహారం, అన్నీ అడగవచ్చు. మొదట డిక్రీ ఇచ్చిన కోర్టులోనే దరఖాస్తు వేస్తే చాలు, దీనికి వేరే దావా అక్కర్లేదు. వేయకూడదని కూడా ఆ సెక్షనే చెబుతోంది. కోర్టు చేసిన పని వల్ల ఎవరూ నష్టపోకూడదన్నది దీని వెనుక ఉన్న పాత నియమం. కాబట్టి స్వాధీనం అయిపోయిందనే ఒక్క కారణంతో అప్పీలు వట్టిపోదు.

దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, అదే కోర్టు వేలం. డబ్బు డిక్రీ కింద మీ ఆస్తి వేలమైంది, కేసుతో ఏ సంబంధమూ లేని మూడో మనిషి పాడుకున్నాడు, అమ్మకం ఖరారైంది. తర్వాత అప్పీలులో డిక్రీ రద్దయినా ఆ మూడో మనిషి చేతిలోంచి ఆస్తి మామూలుగా వెనక్కి రాదు. మీకు డబ్బు లెక్క మాత్రమే మిగులుతుంది. ఇది అన్యాయంలా కనిపిస్తుంది కానీ కారణం ఉంది: కొన్నది ఎప్పుడు ఊడిపోతుందో తెలియకపోతే కోర్టు వేలానికి ఎవరూ రారు, వచ్చినా కారుచౌకగా పాడతారు, ఆ నష్టం చివరికి అప్పులవాడికే. డిక్రీ పొందినవాడే పాడుకుంటే ఈ రక్షణ ఉండదు, తిరిగివ్వాల్సిందే. మరి అప్పీలు పెండింగులో ఉందని తెలిసీ పాడుకున్న బయటివాడి సంగతి? అతన్ని అమాయక కొనుగోలుదారుగా చూడక్కర్లేదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే వేలం నోటీసు వచ్చినప్పుడు అప్పీలు నంబరుతో సహా అభ్యంతరం రికార్డులోకి ఎక్కించడం వృథా పని కాదు.

ఆస్తి అమ్మేస్తే?

అమ్మకం వల్ల అప్పీలు చావదు. ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 52 ప్రకారం వ్యాజ్యం నడుస్తుండగా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాలి. కేసు సంగతి తనకు తెలియదన్నా అంతే. అప్పీలు కాలం కూడా ఈ ‘నడుస్తుండగా’లోకే వస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల, అమరావతి ప్రాంతంలో భూమి కొనేవాళ్లు కింది కోర్టులో గెలిచిన డిక్రీ చూపించగానే తృప్తిపడిపోతారు. దాని మీద అప్పీలు ఉందా అని అడిగేవారు తక్కువ.

గోడ కట్టేశాక గోడ కట్టొద్దనే అప్పీలు ఎందుకు?

ఇది నిజంగా వట్టిపోయే రకం. దావాలో అడిగింది ‘ప్రతివాది గోడ కట్టకుండా శాశ్వత ఇంజంక్షన్’. దావా కొట్టేశారు. మీరు అప్పీలు వేశారు, స్టే గానీ మధ్యంతర ఉత్తర్వు గానీ రాలేదు, అవతలివాడు గోడ లేపేశాడు. ఇప్పుడు ‘కట్టకుండా ఆపండి’ అన్న కోరిక తీర్చడానికి కోర్టు దగ్గర ఏమీ లేదు. ఇక్కడ చాలామంది వకీళ్లు ఊరుకుంటారు, అప్పీలు అలాగే ఏళ్లు నడుస్తుంది, చివరికి ఒక్క లైనులో ముగుస్తుంది.

చేయాల్సింది కోరిక మార్చుకోవడం. గోడ తీసేయమనే ఉత్తర్వు కోసం దావాను సవరించమని ఆర్డర్ 6 రూల్ 17 కింద అప్పీలు కోర్టులోనే అడగవచ్చు. దావా నడుస్తుండగా జరిగినదాన్ని సవరణతో లోపలికి తేవడాన్ని కోర్టులు సాధారణంగా కాదనవు, ఆలస్యం చేయకపోతే. అమ్మకం అగ్రిమెంటు అమలు దావాల్లోనూ ఇదే. ఆస్తి ఇక ఇవ్వలేని పరిస్థితి వస్తే నష్టపరిహారం అడుగుతూ సవరించుకోవడానికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఏ దశలోనైనా అవకాశమిస్తుంది. అప్పీలును బతికించే మందు చట్టంలోనే ఉంది, అడిగేవాళ్లే తక్కువ.

మధ్యంతర ఉత్తర్వుల మీద వేసే సివిల్ మిసిలేనియస్ అప్పీళ్లది, అంటే సీఎంఏలదీ, తొందరగా ముగిసే ఆయుష్షే. తాత్కాలిక ఇంజంక్షన్ ఇవ్వలేదని పై కోర్టుకు వెళ్తారు. అక్కడ విచారణకు వచ్చేసరికి కింద అసలు దావాలోనే తీర్పు అయిపోతుంది. తాత్కాలిక ఉత్తర్వు ఆ తీర్పుతో ముగిసింది కాబట్టి దాని మీది సీఎంఏ కూడా ముగిసింది. ఇక డిక్రీ మీదే అప్పీలు వేసుకోవాలి, అదీ గడువులోపు: జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. సీఎంఏ ఉంది కదా అని ధీమాగా ఉండి ఈ గడువు దాటించుకునేవాళ్లుంటారు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఇంజంక్షన్ అమల్లో ఉన్నప్పుడు దాన్ని ఉల్లంఘించిన తప్పు, ఆ ఇంజంక్షన్ తర్వాత పోయినంత మాత్రాన మాసిపోదు. 1998లో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగానే చెప్పింది.

ప్రతివాది రాకుండానే ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీ మీద రెండు దారులు ఒకేసారి పట్టవచ్చు, ఒకటి రద్దు చేయమనే దరఖాస్తు, రెండోది అప్పీలు. దరఖాస్తు గెలిస్తే డిక్రీయే లేదు, అప్పీలు దానంతటదే వట్టిపోతుంది. ముందు అప్పీలు తేలిపోతే మాత్రం, దాన్ని మీరే వెనక్కి తీసుకున్నప్పుడు తప్ప, దరఖాస్తు దారి మూసుకుపోతుంది. కాబట్టి ఏది ముందు వినిపించుకోవాలో ఆలోచించి అడుగు వేయాలి.

మనిషి పోతే అప్పీలు పోతుందా?

అది ఏ హక్కు కోసం నడుస్తోందన్న దాన్ని బట్టి. పొలం, ఇల్లు, డబ్బు వారసులకు వెళ్తాయి కాబట్టి అప్పీలూ వెళ్తుంది. మనిషితోనే పోయే హక్కుల్లో మాత్రం తమాషా లెక్క ఉంది. కేరళ నుంచి వెళ్లిన ఒక పరువునష్టం కేసులో సుప్రీంకోర్టు దాన్ని విడమరచింది. పరువునష్టం దావా ఓడిపోయిన వాది అప్పీలు వేసి చనిపోతే అప్పీలు అతనితోనే పోతుంది. అదే వాది గెలిచి, ప్రతివాది అప్పీలు వేశాక వాది చనిపోతే అప్పీలు ఆగదు. ఎందుకంటే డిక్రీ వచ్చిన క్షణం నుంచి అది వాది ఆస్తిలో భాగమైంది, దాన్ని కాపాడుకునే హక్కు వారసులకుంది. మనిషి అదే, పరువు అదే. మధ్యలో డిక్రీ ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

విడాకుల కేసుల్లో భార్యాభర్తల్లో ఒకరు పోతే ఇంకేముందని అనిపిస్తుంది. అక్కడా జాగ్రత్త అవసరం. భర్త ఎక్స్‌పార్టీగా విడాకుల డిక్రీ తెచ్చుకుని చనిపోయిన ఒక కేసులో, ఆ డిక్రీ రద్దు చేయమని భార్య వేసిన దరఖాస్తు నిలుస్తుందని సుప్రీంకోర్టు 1990ల్లో తేల్చింది. ఆమె వితంతువా, విడాకులు పొందిన స్త్రీయా అన్నదాని మీద వారసత్వపు హక్కు ఆధారపడి ఉంది. అంటే కోర్టు ఇంకా ఇవ్వగలిగింది మిగిలే ఉంది.

అసలు ప్రమాదం హక్కులో లేదు, గడువులో ఉంది. పార్టీ చనిపోయిన 90 రోజుల్లో అతని వారసులను, లాయర్ల మాటల్లో ఎల్‌ఆర్లను, రికార్డులోకి తేవాలి. తేకపోతే అప్పీలు అతని మేరకు దానంతటదే పడిపోతుంది, ఎవరూ ఉత్తర్వు ఇవ్వనక్కర్లేదు. దాన్ని లేపడానికి మరో 60 రోజులు, ఆ తర్వాత ఆలస్యం మన్నించమని వేరే పిటిషన్. తన కక్షిదారు చనిపోతే కోర్టుకు చెప్పాల్సిన బాధ్యతను 1976 సవరణ లాయరు మీద పెట్టింది. ఆచరణలో అవతలివాళ్లు చెప్పేదాకా ఎదురుచూస్తే కొంప మునుగుతుంది. ‘అతని మేరకు’ అన్న మాటతో ధైర్యం తెచ్చుకోకండి. పంజాబ్ ప్రభుత్వం ఇద్దరు అన్నదమ్ములకు ఉమ్మడిగా వచ్చిన భూపరిహారం మీద అప్పీలు వేసింది. ఒక సోదరుడు చనిపోయాడు, గడువులో వారసులను చేర్చలేదు. ఉమ్మడి డిక్రీలో ఒకరి విషయం ఖరారై, రెండోవారి విషయం తలకిందులైతే ఒకే భూమికి రెండు విరుద్ధమైన తీర్పులవుతాయని, మొత్తం అప్పీలే పోయిందని సుప్రీంకోర్టు 1960ల మొదట్లో తేల్చేసింది. అంత పెద్ద ప్రభుత్వమే ఇలా నష్టపోయింది. పదిహేను మంది వాటాదారులున్న మన ఊరి భాగపంపకాల అప్పీళ్లలో ఇది ఎంత సులువుగా జరిగిపోతుందో చెప్పక్కర్లేదు.

పంపకాల దావాలో ఫైనల్ డిక్రీ కూడా వచ్చేస్తే?

ప్రిలిమినరీ డిక్రీ వాటాలు తేలుస్తుంది, ఫైనల్ డిక్రీ హద్దులు గీసి పంచుతుంది. మొదటిదాని మీద అప్పీలు ఉండగానే రెండోది వచ్చేయడం మామూలే. అప్పుడు అప్పీలు పనికిరాదనడం సరికాదు. పునాదే పోతే దాని మీద కట్టిన ఫైనల్ డిక్రీ నిలవదని సుప్రీంకోర్టు 1967లో రిపోర్టయిన తీర్పులో చెప్పింది. ప్రిలిమినరీ డిక్రీ మీద అసలు అప్పీలే వేయకుండా, ఫైనల్ డిక్రీ మీద అప్పీలులో వాటాలు తప్పని వాదిస్తానంటే కోడ్ సెక్షన్ 97 ఒప్పుకోదు.

కాలం గడిచేకొద్దీ కేసు వట్టిపోవడమే కాదు, ఒక్కోసారి దానికి కొత్త బలం కూడా వస్తుంది. హిందూ వారసత్వ చట్టానికి 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అంతకుముందే పంపకం జరిగిపోయి ఉంటే వర్తించదని కూడా అంది. ప్రిలిమినరీ డిక్రీ వచ్చేసిన ఒక కేసులో, పంపకం జరిగిపోయింది కదా, కూతుళ్లకు వాటా ఏమిటని వాదించారు. ఫైనల్ డిక్రీ రానంతవరకు పంపకం జరిగినట్టు కాదని సుప్రీంకోర్టు 1991లో అంది. 2005 కేంద్ర సవరణ తర్వాత, మళ్లీ ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన కేసులో 2011లో అదే దారి పట్టింది. ముగిసిపోయిందనుకున్న దావాలో ఆడపిల్లలు వాటా పొందారు.

ముగిసిందని చెప్పాక ఏం మిగులుతుంది?

రాజీ కుదిరితే మిగిలేది రాజీయే, దాన్ని ఆర్డర్ 23 రూల్ 3 కింద రికార్డు చేయించి డిక్రీ తీసుకోవాలి. లోక్ అదాలత్‌లో అయితే కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. పెద్దమనుషుల మధ్య డబ్బు కట్టేసి, చీటీ రాయించుకుని, అప్పీలు వదిలేసినవాళ్ల పరిస్థితి వేరు. కోర్టులో నమోదు చేయించని చెల్లింపును అమలు కోర్టు గుర్తించదు, గెలిచినవాడు మళ్లీ ఈపీ వేయవచ్చు. నమోదు చేయమని డబ్బు కట్టినవాడు అడగడానికి 30 రోజులే గడువు. అమలు ఒత్తిడికి డబ్బు కట్టినా, తాళాలిచ్చినా, ‘అప్పీలు హక్కులు వదులుకోకుండా’ అని రాతపూర్వకంగా చెప్పి మరీ ఇవ్వాలి. ఇష్టపడి ఇచ్చేశాడని అనిపించుకుంటే సెక్షన్ 144 దాకా వెళ్లే మొహం ఉండదు.

ఇన్‌ఫ్రక్చువస్ అంటూ ఒక పక్షం మెమో వేస్తే కోర్టు దాన్ని పరిశీలిస్తుంది. ఇలా ముగించడానికి కోడ్‌లో ప్రత్యేక రూల్ లేదు, సెక్షన్ 151 కింద సహజాధికారంతో ముగించవచ్చని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. చాలామందికి తట్టనిది ఒకటుంది: అప్పీలు అలా ముగిస్తే కింది కోర్టు డిక్రీ రద్దు కాదు, అది ఉన్నచోటే ఉంటుంది. అందులో మీకు వ్యతిరేకంగా రాసిన టైటిల్ మాట, సరిహద్దు మాట, కోర్టు ఖర్చుల మాట, రేపు ఇంకో కేసులో మీ మీదికే రావచ్చు. కాబట్టి ముగించడం తప్పదనిపిస్తే, హక్కుల ప్రశ్న తెరిచే ఉందని, కింది తీర్పులోని ఆ మాటలు ఇక కట్టుబాటు కావని ఉత్తర్వులో రాయమని అడగాలి. కోర్టు రాస్తుందో లేదో దాని ఇష్టం, అడగకపోతే మాత్రం రాయదు.

అందుకని మెమో మీద సంతకం పెట్టమన్నప్పుడు మీ లాయరును ఒక్క మాట అడగండి: “ఇది ముగిశాక కింది డిక్రీలో నా మీద ఏముంటుంది?” ఆయన సమాధానం చెప్పాకే కలం తీయండి.